ఫైలులో ఫైలు పిలిచినప్పుడు పీహెచ్‌పీ దారి ఎందుకు తప్పుతుంది?

వెబ్‌సైట్లు రాసే భాష పీహెచ్‌పీలో రాసిన ఒక సైటు ఉందనుకోండి. సైటు ఫోల్డరులో ఇండెక్స్, కాన్ఫిగ్ ఫైళ్ళు పక్కపక్కనే ఉన్నాయి. లోపల లిబ్ ఫోల్డరులో డీబీ ఫైలు ఉంది. ఇండెక్స్ డీబీని పిలుస్తుంది, అంటే అందులోని కోడ్‌ను తనలోకి తెచ్చుకుంటుంది. డీబీ '../కాన్ఫిగ్.పీహెచ్‌పీ' అంటూ కాన్ఫిగ్‌ని పిలుస్తుంది ('..' అంటే ఒక ఫోల్డరు పైకి). లిబ్‌లో నిలబడి చూస్తే దారి సరైనదే. అయినా 'ఫెయిల్డ్ టు ఓపెన్ స్ట్రీమ్' (ఫైలు తెరవలేకపోయింది) అని ఎర్రర్ వస్తుంది.

ఎందుకంటే, చుక్కతో మొదలయ్యే దారిని పీహెచ్‌పీ ఆ లైను ఉన్న ఫైలు నుంచి లెక్కపెట్టదు. ప్రోగ్రాము అప్పుడు ఏ వర్కింగ్ డైరెక్టరీలో (అది నడుస్తున్న ఫోల్డరులో) ఉందో అక్కడి నుంచి లెక్కపెడుతుంది. వెబ్‌లో అది మామూలుగా ఇండెక్స్ ఉన్న ఫోల్డరే కాబట్టి ఆ రెండు చుక్కలు సైటు దాటి పైకి పోతాయి. సీ భాషలో కోట్స్‌లో రాసిన ఇన్‌క్లూడ్‌ను (ఇంకో ఫైలును పిలిచే లైనును) ముందు ఆ ఫైలు ఉన్న ఫోల్డరులోనే వెతుకుతారు. ఆ అలవాటుతో వచ్చినవాళ్ళు ఇక్కడ తప్పకుండా పొరబడతారు.

చుక్కలు తీసేసి ఉత్త పేరు రాస్తే ఇంకా ప్రమాదం. అప్పుడు ముందు ఇన్‌క్లూడ్ పాత్‌లోని (ఫైళ్ళు వెతకమని సెట్టింగులో ఇచ్చిన జాబితాలోని) ఫోల్డర్లు, ఆ తర్వాతే పిలిచిన ఫైలు ఉన్న ఫోల్డరు చూస్తుంది. ఇన్‌క్లూడ్ పాత్‌లో '.' ఉంటే అదీ వర్కింగ్ డైరెక్టరీయే. రెండు ఫోల్డర్లలో కాన్ఫిగ్ అనే పేరే ఉంటే ఎర్రర్ రాకుండా వేరే ఫైలు లోడవుతుంది. దాన్ని పట్టుకోవడానికి చాలా సమయం పడుతుంది.

మందు ఒక్కటే, ప్రతి దారినీ ఆ లైను ఉన్న ఫైలు ఫోల్డరు చిరునామాతో మొదలుపెట్టడం:

రిక్వైర్ __డిర్__ . '/../కాన్ఫిగ్.పీహెచ్‌పీ';

ఈ __డిర్__ అంటే ఆ లైను ఉన్న ఫైలు ఫోల్డరు పూర్తి దారి. ఇది పీహెచ్‌పీ 5.3 నుంచి ఉంది. దాని చివర స్లాష్ ఉండదు. కోట్స్‌లో మొదటి స్లాష్ మరిస్తే ఫోల్డరు పేరు, చుక్కలు అతుక్కుని 'లిబ్../కాన్ఫిగ్.పీహెచ్‌పీ' అవుతుంది. ఈ తప్పు తేలికగా జరుగుతుంది. రెండు మెట్లు పైకి వెళ్ళాలంటే పీహెచ్‌పీ 7 నుంచి డిర్‌నేమ్(__డిర్__, 2) చాలు. కాన్ఫిగ్ లాంటి తప్పనిసరి ఫైలుకు ఇన్‌క్లూడ్ వద్దు. అది వార్నింగ్ ఇచ్చి ముందుకు పోతుంది, రిక్వైర్ అక్కడే ఆపేస్తుంది.

ఏది లోడైందో అనుమానముంటే గెట్_ఇన్‌క్లూడెడ్_ఫైల్స్ ఇచ్చే జాబితా, గెట్‌సీడబ్ల్యూడీ చూపే వర్కింగ్ డైరెక్టరీ ప్రింట్ చేసి చూడండి. విండోస్‌లో నడిచి లినక్స్ సర్వర్లో ఆగితే పేర్లలో పెద్ద, చిన్న అక్షరాలు సరిచూడండి.

చివరగా టెర్మినల్‌లో /టీఎంపీ ఫోల్డరుకు వెళ్ళి, అక్కడి నుంచి పూర్తి దారితో ఇండెక్స్‌ని నడపండి. బ్రౌజర్లో బాగానే ఉండి, క్రాన్‌లో (సమయానికి తనంతట పనులు నడిపే సర్వర్ ఏర్పాటులో) మాత్రం ఆగిపోయే స్క్రిప్ట్ ఇక్కడే దొరికిపోతుంది.