సోషల్ వర్క్ ఎడ్యుకేషన్ జర్నల్‌కు పేపర్ పంపే విధానం: ప్రశ్న నుంచి ప్రూఫ్ దాకా

"ఫీల్డ్ వర్క్ రిపోర్టుకు మంచి మార్కులొచ్చాయి కదా మేడమ్, దాన్నే కాస్త దిద్ది జర్నల్‌కు పంపేద్దామా?" ఎం.ఎస్.డబ్ల్యూ. (మాస్టర్ ఆఫ్ సోషల్ వర్క్) రెండో ఏడాది చివర్లో ఈ మాట అడిగే పిల్లలు ఏటా ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. పంపొచ్చు. కానీ ఆ రిపోర్టును ఉన్నదున్నట్టు పంపితే సమీక్షకుల దాకా కూడా పోదు, ఎడిటర్ బల్ల మీది నుంచే తిరిగొస్తుంది.

ఎందుకంటే రిపోర్టు బస్తీవాళ్ల గురించి రాసింది. సోషల్ వర్క్ ఎడ్యుకేషన్ జర్నల్‌కు కావలసింది మీ గురించి. అంటే విద్యార్థి, టీచరు, ఏజెన్సీ సూపర్‌వైజరు, వీళ్ల మధ్య నడిచే చదువు గురించి. "బోరబండలో బడి మానేసిన పిల్లల సమస్యలు" అనే పేపరుకు వేరే జర్నళ్లున్నాయి. "బడి మానేసిన పిల్లల ఇళ్లకు వెళ్లిన విద్యార్థులు లాగ్ రిపోర్టులో (ఫీల్డ్ వర్క్‌లో ఏం చేశారో రాసుకునే రికార్డులో) ఏం రాశారు, ఏం రాయకుండా వదిలేశారు, ఐ.సి.లో (టీచరుతో విడిగా కూర్చునే ఇండివిడ్యువల్ కాన్ఫరెన్స్‌లో) మాట్లాడాక ఆ రాత ఎలా మారింది" అన్నది ఇక్కడికి పనికొచ్చే ప్రశ్న. తిరిగ్గొట్టే కారణాల్లో నేను ఎక్కువగా చూసింది ఈ తేడా తెలియకపోవడమే, ఇంగ్లిషు తప్పులు ఆ తర్వాతే.

ఎక్కడికి పంపాలి

అమెరికాలో సోషల్ వర్క్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ కౌన్సిల్ ఆన్ సోషల్ వర్క్ ఎడ్యుకేషన్. 1952లో ఏర్పడింది. దాని జర్నల్ 1965లో మొదలై, 1985 నుంచి 'జర్నల్ ఆఫ్ సోషల్ వర్క్ ఎడ్యుకేషన్' అన్న ఇప్పటి పేరుతో వస్తోంది. 'సోషల్ వర్క్ ఎడ్యుకేషన్: ది ఇంటర్నేషనల్ జర్నల్' అని ఇంకొకటి ఉంది. పేర్లు దగ్గరగా ఉండటంతో ఒకదాని నిబంధనలు చదివి ఇంకోదానికి పంపినవాళ్లు నాకు తెలుసు. మన దేశంలో టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) 1940 నుంచి నడుపుతున్న 'ఇండియన్ జర్నల్ ఆఫ్ సోషల్ వర్క్' ఉంది. అది విద్యకే పరిమితం కాదు, మొత్తం సోషల్ వర్క్ రంగానిది.

ఎంచుకున్న జర్నల్‌లో గత రెండేళ్ల సంచికల విషయసూచికలు చూడండి, కనీసం నాలుగు పేపర్లు పూర్తిగా చదవండి. జర్నళ్లకు కేంద్రమే చందా కట్టే 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకం కింద 2025 జనవరి 1 నుంచి ప్రభుత్వ విద్యాసంస్థలకు వేలాది జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి, కాబట్టి ఉస్మానియాలో చదివేవాళ్లు ముందు లైబ్రరీలో అడగండి. ప్రైవేటు కాలేజీ పిల్లలకు ఆ వెసులుబాటు లేదు. రచయితకే మెయిల్ రాసి కాపీ అడగడం తప్పేం కాదు, చాలామంది సంతోషంగా పంపుతారు.

"కేర్ లిస్టులో, అంటే యూజీసీ ఆమోదించిన జర్నళ్ల జాబితాలో, ఉందా?" అని ఇప్పటికీ అడుగుతున్నారు. యూజీసీ ఆ జాబితాను ఆపేసింది, 2025 ఫిబ్రవరిలో ఆ సంగతి ప్రకటించింది కూడా. మంచి జర్నల్ ఏదో తేల్చుకోవడం ఇప్పుడు కాలేజీల పని, మన పని. వాట్సాప్‌లో "మూడు రోజుల్లో పబ్లికేషన్, సర్టిఫికెట్ ఉచితం" అని వచ్చేవాటి జోలికి పోవద్దు. మూడు రోజుల్లో ఇద్దరు సమీక్షకులు చదివి అభిప్రాయం రాయడం జరిగే పని కాదు. అసలు జర్నల్ పేరుతోనే నకిలీ సైట్లు నడిపేవాళ్లూ ఉన్నారు. జర్నల్‌ను గుర్తించే ఎనిమిది అంకెల సంఖ్య ఐ.ఎస్.ఎస్.ఎన్. తీసుకుని దాని అధికారిక పోర్టల్‌లో వెతికి, ప్రచురణకర్త పేరు సరిపోయిందో లేదో చూడండి.

అనుమతి ముందు, ఇంటర్వ్యూ తర్వాత

ఈ భాగంలో నాకే దెబ్బ తగిలింది. చాలా ఏళ్ల కిందట పన్నెండు మంది విద్యార్థులను ఇంటర్వ్యూ చేసి, ఆ తర్వాత తీరిగ్గా పరిశోధనకు అనుమతినిచ్చే ఎథిక్స్ కమిటీకి అర్జీ పెట్టాను. ఉత్తరం వచ్చింది, పేపరు వెళ్లింది, సమీక్షకులకూ నచ్చింది. ఎడిటర్ మాత్రం రెండు తేదీలు పక్కపక్కన పెట్టి అడిగారు. ఇంటర్వ్యూలు ఆగస్టులో, అనుమతి అక్టోబరులో. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. అనుమతి వెనక తేదీతో పనిచేయదు. ఆ పేపరు ఇప్పటికీ నా కంప్యూటర్‌లోనే ఉంది.

ఇంకో చిక్కు మన రంగానిదే. టీచరు తన విద్యార్థులనే ఇంటర్వ్యూ చేస్తే వాళ్లు "వద్దు" అనగలరా? మార్కులు మీ చేతిలో ఉన్నాయి. అందుకే అంగీకార పత్రం వేరేవాళ్ల చేత తీసుకోవాలి, లేదా ఇంటర్నల్ మార్కులు వేసేశాక అడగాలి. ఎలా చేశారో పేపర్లో రెండు వాక్యాలు రాయండి. ఆ రెండు వాక్యాల కోసమే వెతికే సమీక్షకులుంటారు.

విద్యార్థుల లాగ్ రిపోర్టుల్లో బస్తీ పిల్లల సంగతులుంటే ఇంకా జాగ్రత్త. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం పరిశోధనలో పిల్లలుంటే తల్లిదండ్రుల అంగీకారం తీసుకోవాలి, ఏడేళ్లు దాటిన పిల్లల సమ్మతి కూడా అడగాలి. చిల్డ్రన్స్ హోమ్‌లో ఫీల్డ్ వర్క్ చేసినవాళ్లు 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చదవాలి. అక్కడి పిల్లల ఆనవాళ్లు బయటపెట్టడం నేరం. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు, హోమ్ పేరు, వీధి పేరు కూడా తీసేయాలి.

తెలుగు మాట ఇంగ్లిషు పేపర్లో

ఒక విద్యార్థిని డైరీలో "ఆమె ముందు నాకు నోరు పెగల్లేదు" అని రాసింది. భర్త చనిపోయి నెల కూడా కాని ఆవిడ ఇంటికి మొదటిసారి వెళ్లినప్పటి మాట అది. ఇంగ్లిషు ముసాయిదాలో అది "విద్యార్థిని మౌనంగా ఉండిపోయింది" అన్న అర్థంలోకి మారిపోయింది. మౌనంగా ఉండటం వేరు, నోరు పెగలకపోవడం వేరు. మొదటిది సోషల్ వర్క్ క్లాసులో నేర్పే నైపుణ్యం, రెండోది ఆ నైపుణ్యం ఇంకా రాని పిల్ల పడ్డ ఇబ్బంది. పేపరంతా ఆ రెండింటి మధ్య దూరం గురించే అయినప్పుడు అనువాదంలో అది పోతే ఇంకేం మిగిలింది? చివరికి తెలుగు మాటను రోమన్ లిపిలో ఉంచి, గొంతు దాకా వచ్చిన మాట బయటికి రాలేదన్న అర్థం పక్కనే రాశాం. ఎవరు అనువదించారు, ఇంకెవరు సరిచూశారు అన్నది పద్ధతుల భాగంలో చెప్పాలి.

తెలుగు పుస్తకం ఉదహరిస్తే ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) పద్ధతిలో పేరును రోమన్ లిపిలో రాసి, దాని ఇంగ్లిషు అర్థాన్ని స్క్వేర్ బ్రాకెట్లలో పెట్టాలి. తెలుగు లిపిని ఫైల్లో వదిలేస్తే పోర్టల్ తయారుచేసే పీడీఎఫ్‌లో ఖాళీ డబ్బాలుగా రావచ్చు.

బస్తీ, అంగన్‌వాడీ, ఐ.సి., రూరల్ క్యాంపు లాంటివి బయటి పాఠకుడికి తెలియవు. మొదటిసారి వచ్చినచోట ఒక్క వాక్యంలో వివరించండి. మన దేశంలో సోషల్ వర్క్ చదువు 1936లో బొంబాయిలో మొదలైంది, అమెరికా రాష్ట్రాల బోర్డుల్లా సోషల్ వర్కర్లందరికీ లైసెన్సు ఇచ్చే చట్టబద్ధ సంస్థ ఇక్కడ లేదు. ఇది ముందే చెప్పకపోతే "మీ కోర్సుకు గుర్తింపు ఎవరిస్తారు?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది.

పంపే రోజు

ఫైళ్లు విడివిడిగా ఉండాలి. టైటిల్ పేజీలో పేర్లు, కాలేజీ, కృతజ్ఞతలు, నిధుల వివరాలు ఉంటాయి. అసలు పేపర్లో ఇవేవీ ఉండకూడదు, ఎందుకంటే సమీక్షకులకు మీరెవరో, మీకు వాళ్లెవరో తెలియకూడదు. "గచ్చిబౌలిలోని మా కాలేజీ" అని రాస్తే ఆచూకీ దొరికిపోయినట్టే. "దక్షిణ భారత నగరంలో ఒక కాలేజీ" అంటే చాలు. వర్డ్ ఫైల్ ప్రాపర్టీస్‌లో రచయిత పేరు మిగిలిపోతుంది, అదీ తీసేయండి. అబ్‌స్ట్రాక్ట్ ఎన్ని పదాలు, పేపరు ఎన్ని పదాలు అన్నది జర్నల్‌ను బట్టి మారుతుంది. సూచనల పేజీ ఆ రోజే మళ్లీ ఒకసారి చూడండి.

మీ రాత ఇతర రచనలతో ఎంత కలుస్తోందో చూపే సిమిలారిటీ రిపోర్టు లైబ్రరీలో తీయించుకోండి. యూజీసీ 2018 నిబంధనల్లో 10 శాతం దాకా జరిమానా లేదు, కానీ జర్నల్ ఆ లెక్క చూడదు. ఎక్కడ, ఏ పేరా కలిసిందో చూస్తుంది. థీసిస్ శోధ్‌గంగలో (థీసిస్‌ల ఆన్‌లైన్ భాండాగారంలో) ఉంటే మీ వాక్యాలు మీకే ఎదురొస్తాయి. ఆ సంగతి కవర్ లెటర్‌లో ముందే చెప్పేయండి. ఏఐ పరికరం వాడితే అదీ చెప్పాలి, దాన్ని సహరచయితగా మాత్రం పెట్టకూడదు. ఒకే పేపరును ఒకేసారి రెండు జర్నళ్లకు పంపకండి.

ఇక ఫారంలో ఇంటిపేరు గొడవ. మనకు ఇంటిపేరు ముందుంటుంది, అదీ చాలాసార్లు ఒక్క అక్షరంగా. 'ఫ్యామిలీ నేమ్' డబ్బాలో 'కె' అని మాత్రమే పెడితే రేపు ఉదహరించేవాళ్లు మిమ్మల్ని జీవితాంతం 'కె' అనే పిలుస్తారు. పరిశోధకులను గుర్తించే పదహారు అంకెల ఆర్కిడ్ ఐడీ ఉచితంగా తీసుకుని, అందులో పేరు ఎలా రాశారో అన్ని పేపర్లలోనూ అలాగే రాయండి.

ఫీజు గురించి భయపడేవాళ్లకు ఒక మాట. నేను చెప్పిన రెండు విదేశీ జర్నళ్లలో చందాదారులు చదివే మామూలు దారిలో రచయిత కట్టేదేమీ లేదు. ఎవరైనా ఉచితంగా చదివే ఓపెన్ యాక్సెస్ ఎంచుకుంటే వేల డాలర్లు. అంగీకారం వచ్చాక వచ్చే ఫారంలో తొందరపడి ఆ గడిలో టిక్ పెట్టకండి.

పంపాక

మొదటి జవాబుకు మూడు నుంచి ఆరు నెలలు పట్టడం మామూలే. 'మేజర్ రివిజన్' (పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపండి) అని వస్తే ఏడవకండి, తలుపు తెరిచే ఉందని అర్థం. సమీక్షకుల ప్రతి మాటకూ వరుసగా జవాబు రాయండి: ఏం మార్చారు, ఏ పేజీలో, మార్చకపోతే ఎందుకు. "మీ సూచన బాగుంది, మార్చాం" అని ఊరుకుంటే ఎక్కడ మార్చారో ఎడిటర్ వెతుక్కోవాలి, అది ఆయనకు చిరాకు.

అంగీకారం తర్వాత ప్రూఫ్, అంటే అచ్చుకు ముందు సరిచూడమని పంపే ప్రతి, వస్తుంది, చూసి పంపడానికి రోజుల గడువే ఉంటుంది. పట్టికలు, అంకెలు చూడండి. అన్నిటికంటే ముందు మీ ఇంటిపేరు, పేరు తారుమారయ్యాయేమో చూసుకోండి.