వానకాలానికి ముందు రోడ్డు సైకిలు టైర్ల జాగ్రత్తలు: అరిగిన టైరు ముందు చక్రానికి వద్దు

మే నెల చివరి ఆదివారం పొద్దున అనంతగిరి గుట్టల మీది నుంచి వికారాబాద్ వైపు దిగుతుండగా, మా బృందంలో అందరికంటే నెమ్మదిగా, అందరికంటే ఒద్దికగా సైకిలు తొక్కే మిత్రుడొకరు మలుపులో పడిపోయారు. వాన లేదు, రోడ్డు మీద తడి లేదు, ఎదురుగా బండి కూడా రాలేదు. ముందు టైరు పేలిన చప్పుడు విని మేము వెనక్కి తిరిగేసరికే ఆయన రోడ్డు దిగువన ముళ్ల పొదల పక్కన ఉన్నారు. కాలర్ ఎముక విరిగింది. మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం లేచిపోయింది. వెనకే వస్తున్న ఆటో సకాలంలో ఆగబట్టి అంతటితో పోయింది.

ఆయన సైకిలును మా ఇంటికి తెచ్చి, ఆ రాత్రే ముందు చక్రం విప్పి చూశాను. టైరు నడిమధ్యన బొటనవేలి వెడల్పు మేర రబ్బరు పలకలా చదునుగా అరిగిపోయి ఉంది. ముందు చక్రానికే ఉన్న టైరు ఎన్ని వేల కిలోమీటర్లు తిరిగినా అలా చదునుదేలదు. అది వెనుక చక్రంలో తిరిగిన టైరు గుర్తు. పక్క గోడ మీద గోరంత పొడవున ఒక కోత ఉంది. దాని అంచున దారాలు పీచులా లేచి, దుమ్ము పట్టి నల్లబడి ఉన్నాయి. అంటే ఆ కోత ఆనాటిది కాదు. ఆసుపత్రిలో అడిగితే ఆయన దాచకుండా చెప్పారు. కారు టైర్లను అటూ ఇటూ మార్చినట్టు మారిస్తే రెండూ సమానంగా అరుగుతాయని, ఇంకో రెండు వేల కిలోమీటర్లు కలిసివస్తాయని, మార్చి నెలలో వెనుక టైరును ముందుకు, ముందు టైరును వెనక్కి మార్చుకున్నారట.

ఇదే పొరపాటు వల్ల మనిషి పడటం నా కళ్లతో చూడటం ఇది మూడోసారి. ముగ్గురూ అజాగ్రత్త మనుషులు కారు. ముగ్గురూ పొదుపు చేశామనే అనుకున్నారు. మృగశిర కార్తె వచ్చేస్తోంది, జూన్ రెండో వారానికల్లా హైదరాబాద్ నగరంలో వానలు పడతాయి, ఎండ తగ్గిందన్న సంతోషంతో చాలామంది వేసవిలో పక్కన పెట్టిన సైకిళ్లను మళ్లీ బయటకు తీస్తారు. ఆలోగా ఇది చదవాలని రాస్తున్నాను. హెల్మెట్, లైట్లు, వాన కోటు గురించి మీకు తెలుసు కాబట్టి వాటి జోలికి పోను.

ముందు చక్రానికి మంచి టైరు

రోడ్డు సైకిలు మీద కూర్చున్నప్పుడు బరువులో సగానికి పైగా వెనుక చక్రం మీదే పడుతుంది. కాళ్లతో తొక్కే బలమంతా రోడ్డుకు అందేది కూడా ఆ చక్రం ద్వారానే. అందువల్ల వెనుక టైరు ముందు టైరుకంటే రెండు మూడింతలు వేగంగా అరుగుతుంది. అది చూసిన ఎవరికైనా రెండింటినీ అటూ ఇటూ మారిస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. నాలుగు చక్రాల మీద నిలబడే కారుకు ఆ లెక్క కుదురుతుంది, రెండు చక్రాల మీద తూకంతో నిలిచే సైకిలుకు కుదరదు.

వెనుక టైరు పేలితే సైకిలు వెనుక భాగం అటూ ఇటూ ఊగుతుంది కానీ హ్యాండిల్ మన చేతిలోనే ఉంటుంది. కంగారుపడకుండా నిటారుగా పట్టుకుంటే చాలాసార్లు నిలదొక్కుకుని ఆగవచ్చు. ముందు టైరు పేలితే దారి చూపే చక్రమే మన మాట వినదు. గాలి పోయిన టైరు రిమ్ము మీది నుంచి పక్కకు జారుతుంది, మలుపులో వంగి ఉన్న సైకిలు ఆ వంపులోనే నేల మీదికి వస్తుంది, చెయ్యి అడ్డం పెట్టుకునే వ్యవధి కూడా ఉండదు. పైగా బ్రేకు వేయగానే బరువు ముందుకు వస్తుంది కాబట్టి, దిగుడులో సైకిలును ఆపే పని చాలావరకు ముందు టైరు మీదే పడుతుంది. తడిలో వెనుక చక్రం జారితే సర్దుకున్నవారు ఉన్నారు. ముందు చక్రం జారితే సర్దుకున్నవారిని నేను చూడలేదు.

చదునుదేలిన టైరుతో ఇంకో చిక్కు ఉంది. గుండ్రంగా ఉన్న టైరు మలుపులో మెల్లగా, ఒకే తీరుగా వంగుతుంది. చదునైన టైరు కొంత దూరం నిటారుగా ఉండటానికే మొగ్గి, ఆ చదును అంచు దాటగానే ఒక్కసారిగా పక్కకు వాలుతుంది. పొడి రోడ్డు మీద దాన్ని అలవాటు చేసుకోవచ్చు, తడి రోడ్డు మీద మాత్రం ఆ ఒక్క కుదుపే చాలు.

కాబట్టి చేయవలసింది ఇది. వెనుక టైరు అరిగిపోయినప్పుడు దాన్ని తీసి పారేయండి. ముందు చక్రంలో ఉన్న, ఇంకా బాగున్న టైరును వెనక్కి వేయండి. కొనుక్కొచ్చిన కొత్త టైరును ముందుకు వేయండి. ఖర్చు ఒక టైరుదే, ఎటు వేసినా అంతే డబ్బు. వెనుక పంక్చర్లు ఎక్కువ కాబట్టి కొత్తది వెనుకే వేయాలనే వాదన నేను చాలాసార్లు విన్నాను. పంక్చరు పడితే పది నిమిషాలు పోతాయి, ముందు చక్రం జారి పడటానికీ దానికీ పోలిక లేదు. వెనుక అరిగిన టైరును ముందుకు వేయకండి.

విప్పి చూడటం

పైనుంచి చూసి టైరు బాగుందని అనుకోవద్దు. రబ్బరు మందం ఎంత మిగిలిందో చెప్పే గుర్తులు కొన్ని టైర్లకే ఉంటాయి. ఉదాహరణకు కాంటినెంటల్ గ్రాండ్ ప్రి 5000 టైరు నడుమన రెండు చిన్న గుంటలు ఉంటాయి, అవి కనబడకుండా పోతే టైరు అయిపోయినట్టే. అటువంటి గుర్తు లేని టైరుకు చదునైన పట్టీ, దాని కింద వేరే రంగులో కనబడే బట్ట, లేచిన దారాలు, ఎక్కడైనా ఉబ్బు, ఇవే గుర్తులు. ఉబ్బు అంటే లోపలి దారాలు తెగి ట్యూబు బయటికి తోస్తోందని అర్థం, అటువంటి టైరు మీద ఇంటి వీధి చివరి దాకా కూడా వెళ్లకండి.

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో రెండు వారాలు పడమటి బాల్కనీలో నిలబెట్టిన సైకిలుకు, ఒక్క కిలోమీటరు తిరగకపోయినా టైర్లు ముదురుతాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఓజోన్ కలిసి రబ్బరును బిరుసెక్కిస్తాయి. పక్క గోడను వేళ్లతో నొక్కి వంచితే వెంట్రుకల్లాంటి పగుళ్లు కనబడతాయి. ఆ పగుళ్ల అడుగున దారం కనబడితే ఆ టైరును వానకాలానికి ఉంచుకోవద్దు.

పరీక్షకు అరగంట చాలు. గాలి సగం తీసేసి, టైరును రెండు బొటనవేళ్ల మధ్య నొక్కుతూ చక్రం చుట్టూ తిరగండి; నొక్కినప్పుడు కోతలు నోరు తెరుస్తాయి. ప్రతి కోతలోనూ పిన్నీసు మొనతో మెల్లగా తవ్వితే గాజు ముక్క, కంకర పలుకు బయటికొస్తాయి. ఇప్పటికి పంక్చరు చేయని పలుకు ప్రతి చక్రపు తిరుగుడుకూ కొంత కొంత లోపలికి దిగుతూనే ఉంటుంది. తర్వాత టైరు మొత్తం విప్పి, తిరగేసి, లోపలి వైపు దూది ముద్దతో నిదానంగా తుడవండి. వేలికి తగలని సన్నటి ఉక్కు తీగ మొన దూది పోగును పట్టుకుంటుంది, అక్కడ ఆగి పట్టకారుతో లాగేయండి. మా మిత్రుడి వెనుక టైరులో ఆ విధంగా రెండు తీగలు దొరికాయి, ఒక్కొక్కటీ బియ్యపు గింజంత పొడవు కూడా లేదు. లారీ టైర్లు పేలినప్పుడు రోడ్డు మీద మిగిలే తీగలు అవే.

టైరు ఎంపిక, గాలి

ఎంపిక గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. రోజువారీ శిక్షణకు రబ్బరు మందంగా ఉండి, దాని కింద పంక్చర్లను ఆపే పట్టీ, పక్క గోడలకు వల వంటి అల్లిక ఉన్న టైరు మన రోడ్లకు నిలుస్తుంది; గేటర్‌స్కిన్ వంటివి ఆ కోవలోవి. అయితే మన్నిక కోసం గట్టిగా చేసిన రబ్బరుకు తడిలో పట్టు తగ్గవచ్చు, కనుక మొదటి వానల్లో మలుపులకు ముందే వేగం తగ్గించుకోండి. పైన ఉన్న గీతల నమూనా చూసి ధైర్యపడకండి. సైకిలు టైరు సన్నగా ఉండి నీటిని తనంతట తానే చీల్చుకుంటూ పోతుంది, పట్టు రబ్బరు గుణం వల్ల వస్తుంది కానీ గీతల వల్ల కాదు. ఫ్రేములో చోటుంటే 25 మి.మీ. బదులు 28 మి.మీ. వెడల్పు టైరు వేసుకోండి.

టైరు మీద అచ్చు వేసిన గరిష్ఠ ప్రెజర్ హద్దు మాత్రమే, అంత కొట్టమని కాదు. పొడి రోడ్డు మీద మీకు అలవాటైన దానికంటే తడిలో 5 నుంచి 10 పీఎస్ఐ తగ్గించండి, టైరు రోడ్డును ఎక్కువ తాకుతుంది, పలుకు మీద ఎక్కినప్పుడు కోత పడే అవకాశం కూడా తగ్గుతుంది. మరీ తగ్గిస్తే గుంతలో ట్యూబు రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి రెండు చోట్ల కాటు పడుతుంది. హుక్‌లెస్ రిమ్ములకు, అంటే టైరు అంచును పట్టుకునే కొక్కెం వంటి మడత లేని రిమ్ములకు, 5 బార్లు, అంటే సుమారు 72 పీఎస్ఐ, దాటకూడదు.

ఇక మన రోడ్ల విషయం. ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన మార్గం మీదికి సైకిళ్లకు అనుమతి లేదు కాబట్టి మనకు మిగిలేది సర్వీసు రోడ్డే. కోకాపేట, కొల్లూరు, తెల్లాపూర్ వైపు కట్టడాలకు తిరిగే టిప్పర్ల నుంచి మలుపుల్లో కంకర జారుతుంది. మన నేల గ్రానైటుది, క్రషర్లో నలిగిన ఆ పలుకు అంచు కత్తిలాగే ఉంటుంది. వాన పడగానే పలుకులు, గాజు పెంకులు, సెంట్రింగ్ పనిలో తెగిన ఇనుప తీగలు అన్నీ కొట్టుకొచ్చి రోడ్డు ఎడమ అంచున, సరిగ్గా మనం తొక్కే చోట పేరుకుంటాయి. దీనికి తోడు తడిసిన రబ్బరు పొడి రబ్బరుకంటే తేలిగ్గా తెగుతుంది. టైరు షాపులో రబ్బరు కోసేవారు కత్తిని నీళ్లలో ముంచేది అందుకే. నిన్న పొడిగా ఉన్నప్పుడు గీరుకుని పోయిన గాజు ముక్క నేడు తడిలో లోపలికి దిగుతుంది.

కాబట్టి వానకాలంలో రోడ్డు అంచు వదిలి, కార్ల ఎడమ చక్రాలు తిరిగి శుభ్రమైన గీత మీద తొక్కండి, వెనుక వచ్చే బండిని చూసుకుంటూ. నిలిచిన నీళ్లలోకి వెళ్లకండి. కింద తెరిచిన మ్యాన్‌హోల్ ఉందో లేదో పైనుంచి తెలియదు. తెల్ల రంగు గీతల మీద, ఇనుప మూతల మీద, ఫ్లైఓవర్ల అతుకుల మీద సైకిలును వంచకండి. గాజు మీద ఎక్కారని అనుమానం వస్తే ఆగి, చక్రం తిప్పుతూ చేతి తొడుగుతో టైరును తుడవండి, కదులుతుండగా వేళ్లు పెట్టకండి.

నానక్‌రాంగూడ, నార్సింగి వైపు 2023లో 23 కిలోమీటర్ల పొడవుతో ప్రారంభమైన సైకిల్ ట్రాకుకు సోలార్ పైకప్పు ఉందని టైర్ల పరీక్ష మానకండి. ఇంటి నుంచి అక్కడికి వెళ్లే దారికి పైకప్పు లేదు.

వానకు భయపడి ఇంట్లో ట్రైనర్ మీద, అంటే వెనుక చక్రాన్ని రోలర్‌కు ఆనించి సైకిలును ఒకే చోట నిలిపే స్టాండు మీద, తొక్కేవారు వెనుక చక్రానికి ట్రైనర్ టైరు వేస్తే, దాంతో రోడ్డు మీదికి రాకండి. అది రోడ్డు కోసం చేసినది కాదు, తడిలో దానికి పట్టుండదు. పాత రోడ్డు టైరునే రోలర్ మీద అరగదీస్తే, అది వేడికి నునుపెక్కి చదునుదేలుతుంది. దాన్ని ముందు చక్రానికి అసలే వేయకండి.

ట్యూబు లేని ట్యూబ్‌లెస్ టైర్లు వాడేవారు లోపలి సీలెంట్, అంటే చిన్న రంధ్రాలను పూడ్చే ద్రవం, మన ఎండలకు ఎండిపోయిందేమో ఇప్పుడే చూసుకోండి. చక్రాన్ని విప్పి ఊపినప్పుడు లోపల ద్రవం చప్పుడు రాకపోతే కొత్తది పోయండి.

రిమ్ము బ్రేకులున్న సైకిళ్లకు బ్రేకు రబ్బర్లు టైరు పక్క గోడను రాస్తున్నాయేమో వంగి చూడండి. మా మిత్రుడి టైరు మీది కోత కూడా బ్రేకు రబ్బరు రాసే ఎత్తులోనే ఉంది.

కోతను జిగురుతో పూడ్చి బాగైందనుకోకండి. జిగురు మట్టిని ఆపుతుంది, తెగిన దారాన్ని అతికించదు.

దారిలో టైరు చీలితే పది రూపాయల నోటును నాలుగు మడతలు పెట్టి ట్యూబుకూ టైరుకూ మధ్య ఉంచి, గాలి తక్కువ కొట్టి, నెమ్మదిగా ఇంటికి రండి. ఆ టైరును మరునాడు వాడకండి. వెనుక టైరు అలా చీలితే, ఇంటికొచ్చాక దాన్ని ముందుకు మార్చాలన్న ఆలోచన పెట్టుకోకండి.

సైకిలు షాపులో ఇచ్చినప్పుడు ఏ టైరు ఎటు వేయాలో మీరే చెప్పండి, తీసుకునేటప్పుడు చూసుకోండి. అడగకుండానే అటూ ఇటూ మార్చి ఇచ్చే చోట్లున్నాయి. కొత్త టైరు ముందుకు, ముందుది వెనక్కి, వెనుకది చెత్తకు.

చెత్తలో వేసే ముందు టైరును కత్తితో రెండు చోట్ల కోసేయండి. లేకపోతే ఇంట్లో పిల్లలో, వాచ్‌మెన్ కొడుకో తీసి తమ సైకిలు ముందు చక్రానికే వేసుకుంటారు. కోసేటప్పుడు చెడని చోట నాలుగు అంగుళాల ముక్క తీసి సీటు సంచిలో పెట్టుకోండి, దారిలో చీలిన టైరుకు నోటుకంటే అది బాగా నిలుస్తుంది. నేను మా మిత్రుడి టైరును ఆ రాత్రే కోసేశాను. ఆయన సైకిలుకు ఇప్పుడు ముందు చక్రంలో కొత్త టైరు ఉంది, భుజం కట్టు విప్పేదాకా అది మా ఇంట్లోనే, ఎండ తగలని గదిలో ఉంటుంది.