ఇఫ్ ప్రతిసారీ నడుస్తోంది, ఎల్స్‌లోకి వెళ్లట్లేదు: ఏం చేయాలి?

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఇఫ్ (కండిషన్ నిజమైతే దీని కిందిది, కాకపోతే ఎల్స్ కిందిది నడవాలి) పనిచేయట్లేదని వచ్చేవాళ్లను నేను ముందు అడిగేది ఒకటే: ఇఫ్‌కి పై లైన్లో ఆ కండిషన్‌నే ప్రింట్ చేసి చూశారా? చూడరు. పైథాన్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ మాత్రం చేసేస్తారు. (కీవర్డులు ఇక్కడ పలికినట్టు రాస్తున్నా, మీరు ఇంగ్లిష్‌లోనే కొట్టండి.)

సమస్య: ఏం టైప్ చేసినా ఇఫ్ లోపలిదే నడుస్తోంది.

కారణం: ఇలా రాసుంటారు.

ఇఫ్ జవాబు == "అవును" ఆర్ "సరే":

"అవును గానీ సరే గానీ అంటే" అని మనం మాట్లాడే తీరులోనే రాశాం కాబట్టి తప్పు కంటికి ఆనదు. పైథాన్ మాత్రం దీన్ని రెండు ముక్కలుగా చదువుతుంది. జవాబు "అవును"కి సమానమా అన్నది ఒకటి, ఉత్త "సరే" రెండోది. ఖాళీగా లేని స్ట్రింగ్ (కోట్స్ మధ్య రాసే అక్షరాలు) ఏదైనా దానికి నిజమే, ఆర్‌కి ఒక్కటి నిజమైతే చాలు. ఇక ఎల్స్‌కి దారెక్కడ?

పాత ఫొటోలు తీసేసే స్క్రిప్టులో నేనిదే రాశాను. "అవును" కొట్టి చూశా, బాగానే నడిచింది. వారం తర్వాత "వద్దు" కొట్టాను. ఫోల్డర్ ఖాళీ. ఆ కండిషన్‌ను ప్రింట్ చేసుంటే "వద్దు"కి ఫాల్స్ బదులు "సరే" అని కనిపించేది, అక్కడే దొరికిపోయేది.

పరిష్కారం: జవాబు == "అవును" ఆర్ జవాబు == "సరే" అని పూర్తిగా రాయండి. లేదా జవాబు ఇన్ ("అవును", "సరే").

ఇది సరిచేసుకున్నవాళ్లు తర్వాత పడే గొయ్యి ఇంకోటుంది: జవాబు != "అవును" ఆర్ జవాబు != "సరే". ఒకే జవాబు ఒకేసారి రెండూ అయ్యే వీల్లేదు కదా, అందుకే ఇదీ ఎప్పుడూ నిజమే. కాదు అనేవాటిని కలిపేటప్పుడు ఆర్ తీసి యాండ్ పెట్టండి.

సమస్య: 35 కొట్టినా == 35 కుదరట్లేదు.

ఇన్‌పుట్ ఇచ్చేది స్ట్రింగ్. ఇంట్‌తో సంఖ్యగా మార్చండి.

సమస్య: 72 మార్కులకీ "పాస్" అనే వస్తోంది, "ఫస్ట్ క్లాస్" రావట్లేదు.

>= 35 ముందు రాసి, >= 60ని దాని కింద ఎలిఫ్‌లో (పైది కుదరకపోతేనే చూసే కండిషన్) పెట్టారు. మొదట కుదిరిన చోటే ఆగిపోతుంది. పెద్దది పైకి తెండి.

== బదులు ఒక్క = పెట్టినా, కోలన్ మరిచినా పైథాన్ అసలు నడవదు, లైన్ నంబరుతో ఎర్రర్ ఇస్తుంది. దాన్ని చదవండి చాలు.