పరిశోధన పేపర్‌లో ఎవరి పేరు ముందు? రాయడానికి ముందే ఎలా తేల్చుకోవాలి?

తిరుపతిలో ఉన్నన్ని రకాల చదువులు ఇంత దగ్గర దగ్గరగా మరో ఊళ్లో దొరకడం కష్టం. 1954లో మొదలైన ఎస్వీ యూనివర్సిటీ, దాని చుట్టుపక్కలే సంస్కృత విశ్వవిద్యాలయం, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, స్విమ్స్ వైద్య సంస్థ, వ్యవసాయ కళాశాల, వెటర్నరీ యూనివర్సిటీ ఉన్నాయి. ఏర్పేడు వైపు వెళ్తే 2015లో వచ్చిన ఐఐటీ, సైన్స్ చదువుల సంస్థ ఐసర్. గాదంకిలో వాతావరణాన్ని పరిశీలించే పెద్ద రాడార్. ఒక శాఖ స్కాలర్ ఇంకో శాఖ ల్యాబ్‌కి ఆటోలో వెళ్లి పని చూసుకుని రావచ్చు. అలా కలిసి చేసే పని బాగానే సాగుతుంది. గొడవ వచ్చేది పేపర్ తయారయ్యాక, పేర్ల దగ్గర. ఎవరి పేరు ఉండాలి, ఎవరిది ముందు, ఎవరిది చివర అన్న మాట చివరి వారంలో మొదలైతే మనసులు విరిగిపోతాయి. అందులో ఎక్కువగా నలిగేది స్కాలర్లే.

ఈ మాట మొదట్లోనే తేల్చుకోవచ్చు. ఎలాగో చెప్తాను.

1. ముందు అవతలి శాఖ అలవాటు తెలుసుకోండి

పేర్ల వరుసకు అన్ని శాఖల్లోనూ ఒకే అర్థం లేదు. సగం గొడవలకు మూలం ఇదే.

బయాలజీ, వైద్యం, చాలావరకు కెమిస్ట్రీలో ఎక్కువ పని చేసినవారు మొదటి పేరు, ల్యాబ్ నడిపించే ప్రొఫెసర్ చివరి పేరు. అక్కడ చివరి స్థానం గౌరవస్థానం. గణితంలో సాధారణంగా ఇంగ్లీషు అక్షర క్రమంలో పేర్లు వేస్తారు. ఎకనామిక్స్‌లోనూ ఆ పద్ధతి చాలాకాలంగా ఉంది. కాబట్టి గణితం పేపర్‌లో చివరి పేరు ఉన్నాయన తక్కువ పని చేశాడనీ కాదు, పెద్దాయననీ కాదు. తెలుగు, సంస్కృతం, చరిత్ర శాఖల్లో ఒక్కరి పేరుతోనే వ్యాసం రావడం మామూలు. గైడ్ ఎంత సాయం చేసినా ముందుమాటలో కృతజ్ఞతే. కంప్యూటర్ సైన్స్‌లో జర్నల్ కంటే పెద్ద కాన్ఫరెన్స్‌లో పేపర్ రావడాన్నే గొప్పగా చూసే విభాగాలు చాలా ఉన్నాయి. ఇక కణ భౌతికశాస్త్రం లెక్కే వేరు. 2015లో యూరప్‌లోని కణ భౌతిక పరిశోధన కేంద్రం సెర్న్‌లో రెండు బృందాలు కలిసి వేసిన ఒక పేపర్‌కు 5,154 మంది రచయితలు. 33 పేజీల పేపర్‌లో 24 పేజీలు వారి పేర్లు, సంస్థలే!

అందుకే మొదటి మీటింగ్‌లోనే అడిగేయండి: "మీ దగ్గర ఫస్ట్ ఆథర్ అంటే ఎవరు? చివరి పేరుకు విలువ ఎంత? కాన్ఫరెన్స్ పేపర్ మీ ప్రమోషన్‌కు పనికొస్తుందా?" ఈ మూడు ప్రశ్నలు చాలు.

2. ఎవరు ఏ పని చేస్తున్నారో కాగితం మీద పెట్టండి

ఒక ఉదాహరణ అనుకుందాం. ఎస్వీ యూనివర్సిటీ ప్రాచ్య పరిశోధన సంస్థలో తాళపత్రాలు ఉన్నాయి కదా. అలాంటి పత్రాలను కంప్యూటర్ చదివేలా చేయాలని నలుగురు కలిశారు. ప్రోగ్రామ్ రాసే కంప్యూటర్ సైన్స్ స్కాలర్, పత్రాల ఫొటోలు తీసే కుర్రాడు, ప్రాజెక్టుకు నిధులు తెచ్చిన ప్రొఫెసర్, పాత లిపి చదవగల సంస్కృత పండితుడు.

ఇక్కడ కొంచెం ఆగి ఆ పండితుడి పని చూడండి. గంటంతో గీసిన అక్షరం మసి పూస్తే తప్ప కనిపించదు. పదానికీ పదానికీ మధ్య ఖాళీ ఉండదు. ఆకు అంచు విరిగిన చోట రెండు అక్షరాలు పోయాయి. అక్కడ ఏముండి ఉంటుందో ఛందస్సును బట్టి, అర్థాన్ని బట్టి ఆయనే తేల్చాలి. ఆయన తేల్చిన పాఠంతోనే కంప్యూటర్ నేర్చుకుంటుంది. ఆయన తప్పు చదివితే ప్రోగ్రామ్ ఎంత గొప్పదైనా తప్పే చెప్తుంది. కానీ ఇలాంటి పేపర్లలో ఆ పనిని 'డేటా తయారీ' అని ఒక్క ముక్కలో తేల్చేసి, పేరును చివర కృతజ్ఞతల్లోకి తోసేసే ప్రమాదం ఉంది. అది అన్యాయం. రెండు పాఠాల్లో ఏది సరైనదో నిర్ణయించడం పరిశోధనే.

ఇలాంటివి మరుగున పడకుండా క్రెడిట్ (CRediT) అనే పద్ధతి వచ్చింది. పరిశోధనలో జరిగే పనుల్ని అది 14 పాత్రలుగా విడదీస్తుంది: ఆలోచన, పద్ధతి, సాఫ్ట్‌వేర్, డేటాను సిద్ధం చేయడం, విశ్లేషణ, మొదటి డ్రాఫ్ట్, దిద్దుబాటు, పర్యవేక్షణ, నిధులు, ఇలాగ. ఇప్పుడు చాలా జర్నళ్లు పేపర్‌తో పాటు ఈ వివరం కూడా అడుగుతున్నాయి. పేపర్ పంపేటప్పుడు ఎలాగూ నింపాల్సిందే కాబట్టి మొదటి రోజే నింపండి. ఒక ఎక్సెల్ షీట్ చాలు. ఎడమవైపు పనులు, పైన పేర్లు. తర్వాత దాన్ని అందరికీ మెయిల్ చేయండి. వాట్సాప్‌లో పెడితే రెండు నెలలకు ఎక్కడుందో దొరకదు.

3. ఎవరు రచయిత, ఎవరికి కృతజ్ఞత?

వైద్య జర్నళ్ల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ దీనికి నాలుగు షరతులు పెట్టింది. మిగతా శాఖల వాళ్లు కూడా వీటిని నిక్షేపంగా వాడుకోవచ్చు. ఆలోచనలోనో, డేటా సేకరణలోనో, విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ పని చేసి ఉండాలి. పేపర్ రాయడంలోనో, దాన్ని లోతుగా దిద్దడంలోనో పాలుపంచుకోవాలి. చివరి ప్రతిని చదివి ఒప్పుకోవాలి. రేపు ఎవరైనా వేలెత్తి చూపితే జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండాలి. నాలుగూ ఉంటేనే రచయిత.

దీని ప్రకారం నిధులు తెచ్చినంత మాత్రాన, శాఖాధిపతి అయినంత మాత్రాన పేరు రాదు. మన దగ్గర ఇది చెప్పడం కష్టమే. "హెచ్‌ఓడీ సార్ పేరు పెట్టకపోతే బాగుండదేమో" అన్న టెన్షన్ ప్రతి స్కాలర్‌కూ ఉంటుంది. అయినా గౌరవం చూపించడానికి ఇచ్చే పేరు ఆయనకే ముప్పు తెస్తుంది. డేటాలో తప్పు బయటపడినప్పుడు, ఆయన చూడని లెక్కలకు ఆయన సంజాయిషీ చెప్పుకోవాల్సి వస్తుంది.

ఇంకో మాట. పని చేసినవారికి డ్రాఫ్ట్ పంపకుండా ఉండి, "మీరు రాయడంలో పాల్గొనలేదు కదా" అని పేరు తీసేయడం కుదరదు. మొదటి షరతుకు సరిపోయిన ప్రతి ఒక్కరికీ రాయడానికి, దిద్దడానికి అవకాశం ఇవ్వాలని ఆ కమిటీ స్పష్టంగానే చెప్పింది. పండితుడికి ఇంగ్లీషు డ్రాఫ్ట్ ఇబ్బంది అయితే, పక్కన కూర్చుని తెలుగులో వివరించి ఆయన దిద్దుబాట్లు రాసుకోండి.

ఫొటోలు తీసిన కుర్రాడికి, పత్రాలు చూపించిన లైబ్రరీ సిబ్బందికి కృతజ్ఞతల్లో పేరు రాయండి, వాళ్లను అడిగి మరీ. మామిడి మీద పని అయితే తోట ఇచ్చిన రైతుకూ అంతే.

4. వరుస గురించి అడిగేయండి

స్కాలర్లు ఆగిపోయేది ఇక్కడే. మెత్తగా, సూటిగా అడగొచ్చు: "సార్, పేపర్ రాయడం మొదలుపెడుతున్నాను. పేర్ల వరుస ఒకసారి అనుకుంటే ఆ ప్రకారం పని పంచుకుంటాను సార్." ఇందులో నిలదీయడం ఏమీ లేదు. చాలామంది గైడ్‌లు అక్కడికక్కడే చెప్పేస్తారు. వాళ్లు చెప్పింది ఆ సాయంత్రమే "ఈరోజు మీరు చెప్పినట్టు…" అని రెండు లైన్ల మెయిల్‌లో రాసుకోండి.

వరుస మీద ఎందుకింత పట్టింపు అంటే, ఉద్యోగానికి, ప్రమోషన్‌కు లెక్కేసే పాయింట్లు దాన్ని బట్టే వస్తాయి. యూజీసీ 2018 నిబంధనల్లో ఇద్దరు రాసిన పేపర్‌కు ఒక్కొక్కరికి 70 శాతం పాయింట్లు. ఇద్దరికి మించితే మొదటి లేదా ప్రధాన లేదా కరెస్పాండింగ్ ఆథర్‌కు (జర్నల్‌తో ఉత్తర ప్రత్యుత్తరాలు జరిపే రచయితకు) 70 శాతం, మిగతా వారికి తలా 30 శాతం. గణితం వాళ్లలా అక్షర క్రమం పాటిస్తే మొదటి పేరు వచ్చినవారికి ఊరికే లాభం కలగొచ్చు. అలాంటప్పుడు 'పేర్లు అక్షర క్రమంలో ఉన్నాయి, అందరి పనీ సమానం' అని పేపర్ అడుగున ఒక వాక్యం వేయించండి. తాళపత్రాల లాంటి పని అయితే నా సలహా ఒకటే: ఒకే పేపర్‌తో అందరినీ తృప్తిపరచాలని చూడొద్దు. ప్రోగ్రామ్ గురించిన పేపర్‌కు కంప్యూటర్ స్కాలర్ మొదటి పేరు, పాఠ పరిష్కరణ (సరైన పాఠం తేల్చడం) గురించిన వ్యాసానికి పండితుడు మొదటి పేరు. రెండింట్లోనూ రెండోవారి పేరు ఉంటుంది.

పని మారితే వరుస కూడా మారాలి. మధ్యలో ఒకరికి ఉద్యోగం వచ్చి వెళ్లిపోతే ఆ షీట్ తెరిచి మళ్లీ మాట్లాడుకోండి.

5. మీ పేరు ఒకే రకంగా రాయండి

మన పేర్లతో ఉన్న చిక్కు ఇది. ఇంటిపేరు ముందు రాస్తాం, చాలాసార్లు పొడి అక్షరంగా. విదేశీ జర్నల్ మాత్రం చివరి మాటనే కుటుంబం పేరు అనుకుంటుంది. 1925లో యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కే కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి మీద పేపర్ వేశారు. ఆ పద్ధతి ఇవాళ్టికీ ఫిస్కే–సుబ్బారో పేరుతోనే ఉంది. యల్లాప్రగడ అన్న ఇంటిపేరు రెఫరెన్సుల్లో ఒక్క అక్షరమై మిగిలింది.

ఒక పేపర్‌లో కె. వెంకటరమణ, ఇంకోదాంట్లో వెంకట రమణ కె., మూడోదాంట్లో రమణ కె.వి. అని వస్తే కంప్యూటర్ దృష్టిలో ముగ్గురు మనుషులు. మొదటి పేపర్‌కు ముందే ఒక రూపం ఖాయం చేసుకోండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన అమ్మాయిలు కావాలంటే పేపర్లలో పాత పేరే కొనసాగించవచ్చు. దాంతో పాటు ఆర్కిడ్ (ORCID) నంబర్ తీసుకోండి, అది పరిశోధకుడికి ఇచ్చే గుర్తింపు సంఖ్య. 16 అంకెలు ఉంటుంది, ఉచితం. సంస్థ మారినా, పేరు మారినా మీ పేపర్లన్నీ దాని కిందే ఉంటాయి.

6. పంపే ముందు, పంపిన తర్వాత

చివరి ప్రతిని అందరికీ పంపి "చదివాను, ఒప్పుకుంటున్నాను" అని జవాబు తెప్పించుకోండి. మౌనాన్ని అంగీకారంగా తీసుకోవద్దు. చాట్‌జీపీటీ లాంటిది వాడితే ఎక్కడ, ఎలా వాడారో రాయండి. దాన్ని రచయితగా మాత్రం చూపకూడదు, రేపు జవాబు చెప్పుకోలేదు కాబట్టి. "ఇంత కడితే సెకండ్ ఆథర్‌గా పేరు పెడతాం" అని మెసేజ్‌లు వస్తుంటాయి. అది నేరుగా మోసం, దగ్గరికి కూడా పోవద్దు.

పంపాక పేరు చేర్చాలన్నా తీసేయాలన్నా జర్నల్ కారణం అడుగుతుంది, రచయితలందరి సంతకాలూ అడుగుతుంది. గొడవ పడితే ఎవరిది న్యాయమో జర్నల్ తీర్పు చెప్పదు. తేల్చుకురమ్మని సంస్థకే పంపుతుంది. అప్పుడు ముందు గైడ్‌తో, కాకపోతే శాఖాధిపతితో, అక్కడా కుదరకపోతే డీన్ దగ్గర రాతపూర్వకంగా చెప్పండి. మొదటి రోజు షీట్, మీటింగ్ తర్వాత పంపిన మెయిల్స్, తేదీలున్న డ్రాఫ్టులు జత చేయండి. ఎవరు ఏం చేశారన్నది అక్కడ కాగితాల్లో కనబడాలి.