ఫైర్ టీవీ స్టిక్, అలెక్సాలను హోమ్ థియేటర్‌కు కలపడం ఎలా?

స్టిక్‌ను టీవీ వెనక గుచ్చగానే బొమ్మ వచ్చేస్తుంది. పేచీ అంతా శబ్దం దగ్గరే. 5.1 సెట్టు (అయిదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) పెట్టుకున్న చాలా ఇళ్లలో వినిపించేది నిజానికి రెండు చానెళ్ల స్టీరియోనే. వెనక స్పీకర్లూ మోగుతున్నాయి కదా అని ఎవరూ అనుమానించరు. ఆంప్లిఫయర్ ఆ రెండు చానెళ్లనే అయిదింటికీ పంచిపెడుతోందని దాని డిస్‌ప్లే చూస్తేగానీ తెలియదు. కాబట్టి వైర్లు గుచ్చే ముందే శబ్దం ఏ దారిన వెళ్లాలో తేల్చుకోండి. అలెక్సా సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.

ముందు డబ్బా వెనక ఏముందో చూడండి

టార్చ్ వేసి హోమ్ థియేటర్ వెనక భాగం చదవండి. 'హెచ్‌డీఎంఐ ఇన్' అని రెండు మూడు పోర్టులుంటే అది ఏవీ రిసీవర్ (బొమ్మ, శబ్దం రెండూ తీసుకుని, బొమ్మను టీవీకీ శబ్దాన్ని స్పీకర్లకూ పంపే ఆంప్లిఫయర్), లేదా ఖరీదైన సౌండ్‌బార్. ఒక్కటే హెచ్‌డీఎంఐ ఉండి పక్కన 'ఆర్క్' లేదా 'ఈఆర్క్' (టీవీ శబ్దాన్ని అదే హెచ్‌డీఎంఐ కేబుల్‌లో వెనక్కి పంపే ఏర్పాటు, ఈఆర్క్ దాని మెరుగైన రూపం) అని ఉంటే శబ్దం టీవీ మీదుగా రావాలి. హెచ్‌డీఎంఐ అసలే లేకుండా ఆప్టికల్ రంధ్రమో, ఎర్ర తెల్ల ఆక్స్ పిన్నులో ఉంటే అది పాత తరం సెట్టు. దానికీ దారి ఉంది, పారేయక్కర్లేదు.

రిసీవర్ ఉంటే

స్టిక్‌ను రిసీవర్ 'ఇన్'లో పెట్టి, రిసీవర్ 'అవుట్' నుంచి టీవీకి ఒక కేబుల్ లాగండి. శబ్దం టీవీ దాకా పోయి వెనక్కి రావాల్సిన పని లేదు కాబట్టి ఉన్నవాటిలో ఇదే మేలైన దారి. ఒక్క మెలిక ఉంది. 4కే స్టిక్ పెడితే మధ్యలో ఉన్న ప్రతి డబ్బాకూ హెచ్‌డీసీపీ 2.2 (సినిమా కాపీ కాకుండా వేసే డిజిటల్ తాళం) ఉండాలి. రిసీవర్ పాతదైతే బొమ్మ 1080పీకి పడిపోతుంది, లేదా తెర నల్లగా ఉండిపోతుంది. అప్పుడు స్టిక్‌ను నేరుగా టీవీకి పెట్టి, శబ్దాన్ని ఆర్క్ మీదుగా తెచ్చుకోండి.

టీవీలో ఆ పోర్టుకు పూర్తి వెడల్పు సిగ్నల్‌ను ఆన్ చేయడం మరిచిపోవద్దు. సామ్‌సంగ్‌లో దాని పేరు 'ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్', ఎల్‌జీలో 'డీప్ కలర్', సోనీలో 'ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్'. కేబుల్ 18 జీబీపీఎస్ మోసే 'ప్రీమియం హైస్పీడ్' రకం చాలు. తెర అప్పుడప్పుడూ మిణుక్కుమంటే ముందు అనుమానించాల్సింది కేబుల్‌నే.

ఒక్క ఆర్క్ పోర్టే ఉంటే

టీవీలో నాలుగు హెచ్‌డీఎంఐలున్నా ఆర్క్ అని రాసి ఉన్నది మామూలుగా ఒక్కటే. హోమ్ థియేటర్ కేబుల్ అందులోకే వెళ్లాలి. స్టిక్‌ను మిగతావాటిలో ఎందులోనైనా పెట్టుకోండి. హడావిడిలో స్టిక్‌నే ఆర్క్ పోర్టులో పెట్టేసి, హోమ్ థియేటర్‌ను పక్కదానికి కలిపి, శబ్దం రావట్లేదని తల పట్టుకోవడం రోజూ జరిగేదే.

తర్వాత టీవీ మెనూలో సీఈసీ (హెచ్‌డీఎంఐ మీదుగా డబ్బాలు ఒకదాన్నొకటి నడుపుకునే ఏర్పాటు) ఆన్ చేయండి. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెట్టింది: సామ్‌సంగ్ 'ఎనీనెట్ ప్లస్', ఎల్‌జీ 'సింప్‌లింక్', సోనీ 'బ్రేవియా సింక్', పానసోనిక్ 'వియెరా లింక్'. ఇది ఆఫ్‌లో ఉంటే చాలా టీవీల్లో ఆర్క్ లేవదు. అన్నీ సరిగ్గా ఉన్నా శబ్దం లేకపోతే కేబుల్ మార్చి చూడండి. ఆర్క్ శబ్దం వచ్చేది హెచ్‌డీఎంఐలోని 14వ పిన్ను మీద. బొమ్మకు ఆ పిన్ను అక్కర్లేదు. అందుకే నాసిరకం కేబుల్‌లో ఆ తీగ లేకపోయినా బొమ్మ మాత్రం శుభ్రంగా వస్తుంది.

ఈఆర్క్ లేదని టీవీ మార్చాలనుకునేవాళ్లకు ఒక మాట. నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ వీడియో పంపే అట్మాస్ (పై నుంచి కూడా వినిపించేలా చేసే డాల్బీ సరౌండ్) 'డాల్బీ డిజిటల్ ప్లస్' మూటలో వస్తుంది. అది మామూలు ఆర్క్‌లోనే పడుతుంది, మీ టీవీ దాన్ని తాకకుండా పంపగలిగితే చాలు. ఈఆర్క్ నిజంగా కావాల్సింది బ్లూరే డిస్కుల మీదుండే ట్రూహెచ్‌డీకి (నాణ్యత తగ్గని డాల్బీ శబ్దం), బహుళ చానెళ్ల పీసీఎంకు (కుదించకుండా పంపే డిజిటల్ శబ్దం). యాపిల్ టీవీ 4కే వాడేవాళ్లు ఇక్కడ వేరు. అది శబ్దాన్ని తానే విప్పి పీసీఎంగా పంపుతుంది. మామూలు ఆర్క్ మీద అది రెండు చానెళ్లకు పడిపోతుంటే యాపిల్ టీవీ ఆడియో సెట్టింగుల్లో 'చేంజ్ ఫార్మాట్' ఆన్ చేసి డాల్బీ డిజిటల్ 5.1 ఎంచుకోండి.

ఆప్టికల్, ఆక్స్ మాత్రమే ఉన్న పాత సెట్టు

మన ఊళ్లలో ఇప్పటికీ ఎక్కువగా కనిపించేది ఇదే. సెట్టుకు ఆప్టికల్ ఉంటే టీవీ ఆప్టికల్ అవుట్ నుంచి నేరుగా కలపండి. డాల్బీ డిజిటల్ 5.1 వరకూ వస్తుంది, డాల్బీ డిజిటల్ ప్లస్, అట్మాస్ రావు. టీవీలో 'డిజిటల్ ఆడియో అవుట్' డాల్బీ డిజిటల్ మీద పెట్టండి. కేబుల్ కొనల మీదుండే చిన్న ప్లాస్టిక్ మూతలు తీసి గుచ్చాలి. నవ్వకండి, ఆ మూతలతోనే నెట్టేసి టీవీ పోర్టు తలుపు విరగ్గొట్టినవాళ్లున్నారు.

ఎర్ర తెల్ల ఆక్స్ మాత్రమే ఉంటే టీవీ ఆప్టికల్ అవుట్‌కు ఒక చిన్న డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్ పెట్టి, అందులోంచి రెండు పిన్నుల వైరు ఆంప్లిఫయర్‌కు తీసుకెళ్లాలి. ఇక్కడ అందరూ పడే గుంట ఒకటుంది. ఈ కన్వర్టర్లలో చాలావాటికి డాల్బీ విప్పడం రాదు. టీవీ డాల్బీ పంపితే వచ్చేది నిశ్శబ్దం, లేదంటే గరగర. వార్తల చానెల్‌కు మాట వస్తుంది, ఓటీటీ సినిమా పెట్టగానే పోతుంది. కన్వర్టర్ చెడిపోయిందని దుకాణానికి పరిగెత్తకముందు టీవీ డిజిటల్ అవుట్‌ను 'పీసీఎం'కు మార్చండి. పదింట తొమ్మిదిసార్లు అక్కడితో సరిపోతుంది.

హెడ్‌ఫోన్ జాక్ నుంచి తీసుకునే అడ్డదారీ ఉంది. అప్పుడు టీవీ వాల్యూమ్, ఆంప్లిఫయర్ వాల్యూమ్ రెండూ పనిచేస్తాయి. టీవీది ముప్పావు వంతు దగ్గర ఆపి, మిగతాది ఆంప్లిఫయర్ మీద సర్దుకోండి. టీవీది తక్కువ పెట్టి ఆంప్లిఫయర్‌ది పూర్తిగా తిప్పితే బుస్సుమనే శబ్దం పెరుగుతుంది.

స్టిక్ లోపల మార్చాల్సినవి

ఫైర్ టీవీలో సెట్టింగ్స్, 'డిస్‌ప్లే అండ్ సౌండ్స్', 'ఆడియో', 'సరౌండ్ సౌండ్' దాకా వెళ్లి 'బెస్ట్ అవైలబుల్' పెట్టండి. గూగుల్ టీవీలో 'అడ్వాన్స్‌డ్ సౌండ్ సెట్టింగ్స్' కింద ఫార్మాట్లను 'ఆటో'లో ఉంచండి. పైన చెప్పిన కన్వర్టర్ వాడుతుంటే మాత్రం ఇక్కడా పీసీఎమే. పనిలో పనిగా 'నేవిగేషన్ సౌండ్స్' ఆపేయండి. పెద్ద స్పీకర్లలో బాణం నొక్కినప్పుడల్లా వచ్చే టిక్కుటిక్కు పక్కింటిదాకా వెళ్తుంది.

ఇప్పుడు పరీక్ష. 5.1 గుర్తు ఉన్న సినిమా పెట్టి రిసీవర్ డిస్‌ప్లేనో, సౌండ్‌బార్ లైట్లనో చూడండి. డాల్బీ అని వస్తే పని అయినట్టే. పీసీఎం అని వస్తే అప్పుడే కేబుళ్లు పీకకండి, ముందు సినిమాలో ఆడియో జాబితా తెరవండి. ఒకే సినిమాకు ఒక భాష ట్రాక్ 5.1లో, ఇంకో భాషది స్టీరియోలో ఉండటం మామూలే. తెలుగు ట్రాక్‌కే 5.1 లేకపోతే మీ సెట్టు ఏం చేయగలదు? నెట్‌ఫ్లిక్స్‌లో అట్మాస్ కావాలంటే ప్రీమియం ప్లాన్ కూడా ఉండాలి.

కరెంటు, వైఫై

స్టిక్‌ను టీవీ యూఎస్‌బీ నుంచి నడపకండి. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 0.5 ఆంపియర్. స్టిక్‌కు ఒక ఆంపియర్ దాకా కావాలి. సినిమా మధ్యలో లోగో దగ్గరికి వచ్చి మళ్లీ మొదలవుతుంటే కారణం ఇదే కావచ్చు. దాంతో వచ్చిన అడాప్టర్‌నే గోడ సాకెట్‌లో పెట్టండి. పెట్టెలో వచ్చిన చిన్న హెచ్‌డీఎంఐ తోక కూడా వాడండి. టీవీ లోహపు వెనక భాగానికి స్టిక్ అతుక్కుని ఉంటే వైఫై బలహీనపడుతుంది.

4కేకి నెట్‌ఫ్లిక్స్ చెప్పే వేగం 15 ఎంబీపీఎస్. హాల్లోనే రౌటర్ ఉంటే 5 గిగాహెర్ట్జ్, రెండు గోడల అవతల ఉంటే 2.4 మేలు. ఫోను, స్టిక్, అలెక్సా స్పీకర్ అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఉంచండి. గెస్ట్ వైఫైలో ఉన్న ఫోనుకు మామూలుగా టీవీ కనపడదు.

గొంతుతో నడపడం

ఎకో (అలెక్సా ఉండే అమెజాన్ స్పీకర్), ఫైర్ టీవీ ఒకే అమెజాన్ ఖాతాలో ఉండాలి. అలెక్సా యాప్‌లో 'మోర్', 'సెట్టింగ్స్', 'టీవీ అండ్ వీడియో', 'ఫైర్ టీవీ' వరుసలో వెళ్లి మీ స్టిక్‌ను లింక్ చేయండి. తర్వాత 'హాల్' అనే గ్రూపు చేసి అందులో ఎకోను, ఫైర్ టీవీని కలిపి పెట్టండి. ఇలా చేస్తే ప్రతిసారీ టీవీ పేరు చెప్పక్కర్లేదు. గూగుల్ నెస్ట్ మినీకి అయితే గూగుల్ హోమ్ యాప్‌లో, స్పీకర్ ఆడియో సెట్టింగుల్లో 'డిఫాల్ట్ టీవీ' ఎంచుకుంటే చాలు.

పేరు పెట్టేటప్పుడు ఒట్టి 'టీవీ' అని కాకుండా 'హాల్ టీవీ', 'బెడ్‌రూమ్ టీవీ' అని విడివిడిగా పెట్టండి. "అలెక్సా, వాల్యూమ్ ఫైవ్" అంటే ఎకో సొంత వాల్యూమే మారుతుంది. సినిమా శబ్దం తగ్గాలంటే "సెట్ హాల్ టీవీ వాల్యూమ్" అనే చెప్పాలి. సినిమా పేరు పొడవుగా ఉండి అలెక్సా తికమకపడితే ముందు "ఓపెన్ ఆహా" లాగా యాప్ తెరిపించి, ఆ తర్వాత రిమోట్ మైకులో పేరు చెప్పండి.

వాల్యూమ్ ఎవరి చేతిలో ఉండాలన్నదీ తేల్చాలి. ఫైర్ టీవీలో 'ఎక్విప్‌మెంట్ కంట్రోల్'కు వెళ్లి మీ సౌండ్‌బార్ లేదా రిసీవర్ కంపెనీ ఎంచుకుంటే రిమోట్, గొంతు రెండూ దాన్నే కదుపుతాయి. సీఈసీ లేని పాత సెట్టును ఎకోతో నడపాలంటే వైఫై ఐఆర్ బ్లాస్టర్ (రిమోట్‌లా కనిపించని కాంతితో ఆదేశాలు పంపే చిన్న పెట్టె) కొనాల్సి రావచ్చు. అది 2.4 గిగాహెర్ట్జ్‌కే కలుస్తుంది, సెట్టుకు ఎదురుగా కనపడాలి, షోకేసు చెక్క తలుపు వెనక దాచితే పనిచేయదు. పాత రిమోట్లలో ఆన్‌కూ ఆఫ్‌కూ ఒకటే బటన్ కాబట్టి ఒక్కోసారి "ఆఫ్" అంటే ఆన్ అవుతుంది. అది అలెక్సా తప్పు కాదు. సెట్టు ఏ స్థితిలో ఉందో బ్లాస్టర్‌కు తెలిసే దారి లేదు. దీని బదులు స్మార్ట్ ప్లగ్ పెడదామనుకుంటే ముందు ఒక పరీక్ష చేయండి. సెట్టు నడుస్తుండగా గోడ స్విచ్ ఆపి మళ్లీ వేయండి. తనంతట తాను మోగితేనే ప్లగ్ పనికొస్తుంది. స్టాండ్‌బైలోకి పోతే దండగ.

తేడా వచ్చినప్పుడు

పెదాలకు ముందే మాట వినిపిస్తుంటే టీవీ బొమ్మను మెరుగుదిద్దడానికి సమయం తీసుకుంటోందన్నమాట. రిసీవర్‌లో 'ఆడియో డిలే' 20 మిల్లీసెకన్ల చొప్పున పెంచండి. వార్తలు చదివేవాళ్లు 'ప', 'బ', 'మ'లు పలికేటప్పుడు పెదాలు మూసుకోవడం గమనిస్తే ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. మాట వెనకబడితే డిలే పెంచి లాభం లేదు. దాన్ని సున్నాకు తెచ్చి, టీవీ డిజిటల్ అవుట్‌ను 'పాస్‌త్రూ' (వచ్చిన శబ్దాన్ని తాకకుండా పంపే పద్ధతి) మీద పెట్టండి. బ్లూటూత్ మీద వింటుంటే వైరుకు మారడమే మందు.

టీవీ వేస్తే సెట్‌టాప్ బాక్స్ మేల్కొని తెర లాక్కోవడం, ఆర్క్ ఉన్నట్టుండి పోవడం సీఈసీ రోగాలు. కరెంటు పోయి వచ్చాక మరీ ఎక్కువ. అన్ని ప్లగ్గులూ తీసి అయిదు నిమిషాలు ఆగి, ముందు టీవీ, తర్వాత హోమ్ థియేటర్, చివర స్టిక్ వేయండి. మళ్లీ మళ్లీ వస్తుంటే సెట్‌టాప్ బాక్స్‌లో సీఈసీ ఆపేయండి.

స్పీకర్లలో ఎడతెగని 'జుం' ఉంటే కేబుల్ టీవీ వైరును సెట్‌టాప్ బాక్స్ నుంచి విప్పి చూడండి. ఆగిపోతే అది ఎర్త్ లూప్. ఎర్ర తెల్ల వైరు మధ్య గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టాలి. ప్లగ్గు మూడో పిన్ను తీసేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, షాక్ కొట్టేది అప్పుడే.

ఉన్నట్టుండి అలెక్సా మూగబోయిందా? నీలం లైటు వెలుగుతూ జవాబు రాకపోతే ఎకో వెనక ఆక్స్ వైరు ఉందేమో చూడండి. నాలుగో తరం ఎకో డాట్ దాకా ఆ జాక్ ఉంది, అయిదో తరంలో తీసేశారు. వైరు గుచ్చాక డాట్ సొంత స్పీకర్ పలకదు, మాటంతా ఆంప్లిఫయర్‌కే పోతుంది. అది ఆఫ్‌లో ఉన్నా, వేరే ఇన్‌పుట్ మీద ఉన్నా అలెక్సా గొంతు మీకు చేరదు.