చర్మవ్యాధుల నర్సింగ్ – 4వ పాఠం: గజ్జికి ఒక్క ట్యూబు చాలదు

పోయిన పాఠంలో చర్మాన్ని చూసి కేస్ షీట్‌లో రాయడం నేర్చుకున్నాం. ఈసారి గజ్జి. తిరుపతిలో పనిచేసే నర్సుకు ఇది బాగా తెలిసి ఉండాలి. ఇక్కడ హాస్టళ్లు ఎక్కువ, ఒక్కో గదిలో నలుగురైదుగురు పక్కపక్కనే పడుకుంటారు, తువ్వాళ్లు, దుప్పట్లు మార్చుకుంటారు. ఒకరికి వస్తే గదంతా గీరుకోవడమే.

జబ్బు గురించి కొంచెం చెప్పుకుందాం. సార్కోప్టిస్ అనే చిన్న పురుగు చర్మం పైపొరలో సొరంగం తవ్వి, రోజుకు రెండు మూడు గుడ్లు పెడుతుంది. మామూలు గజ్జిలో ఒంటి మీద ఉండే పురుగులు 10 – 15 మాత్రమే. దురద పుట్టేది వాటిని మన ఒళ్లు ఒప్పుకోకపోవడం వల్ల. అందుకే మొదటిసారి సోకినవాళ్లకు 4 – 6 వారాల దాకా దురద ఉండకపోవచ్చు. దురద లేకపోయినా వాళ్లు ఇతరులకు అంటించగలరు. మిగతా పాఠమంతా ఈ ఒక్క విషయం మీదే నిలబడింది.

ఓపీలో మీ ముందు ఒక తల్లి కూర్చుంది అనుకోండి. "రాత్రయితే చాలు మేడమ్, పిల్లోడు గీరుకుంటానే ఉండాడు" అంటుంది. వేళ్ల సందులు, మణికట్లు, చంకలు, బొడ్డు చుట్టూ, నడుము చూడండి. చంటిపిల్లలైతే అరచేతులు, అరికాళ్లు, తల కూడా. మర్మావయవాల గురించి తెర చాటున, మెల్లగా అడగాలి. గ్లోవ్స్ వేసుకోండి, కానీ దూరం జరగకండి. ఒక్కసారి చేయి తగిలితే అంటుకునే జబ్బు కాదిది, చాలాసేపు ఒళ్లూ ఒళ్లూ ఆనుకుని ఉంటేనే పాకుతుంది. మందంగా పక్కు కట్టిన గజ్జి మాత్రం వేరు. దానిలో పురుగులు వేలల్లో ఉంటాయి. ఆ పేషెంటును విడిగా ఉంచి, గౌను, గ్లోవ్స్ వేసుకునే దగ్గరికి వెళ్లాలి.

డాక్టర్ ఈ పురుగును చంపే పర్మెత్రిన్ 5 శాతం క్రీమ్ రాశారు. ఇప్పుడు మీ పని మొదలవుతుంది. మొదటి ప్రశ్న: "ఇంట్లో ఎంతమందమ్మా?" అయిదుగురు అంది. పెద్దవాళ్లకు ఒక్కొక్కరికి ఒకసారికి సుమారు 30 గ్రాములు కావాలి, వారం తర్వాత మళ్లీ రాయాలి. చేతిలో ఉన్న ఒక్క ట్యూబుతో అయిదుగురికీ ఎలా సరిపోతుంది? పిల్లోడికి మాత్రమే రాసి ఊరుకుంటారు, మూడు వారాలకు మళ్లీ వస్తారు. ఈ లెక్క చీటీ మీద వేసి, ఆమెను పంపకముందే డాక్టర్‌కు చూపించండి. ఇంట్లో గర్భిణి గానీ, రెండు నెలల లోపు బిడ్డ గానీ ఉంటే అదీ అప్పుడే చెప్పండి.

రాసే పద్ధతి చేసి చూపించాలి. గోళ్లు కత్తిరించుకోవాలి. వేడినీళ్ల స్నానం చేసి వెంటనే రాయకూడదు, ఒళ్లు చల్లబడి, పొడిగా ఉండాలి. మెడ నుంచి అరికాళ్ల దాకా, దద్దురు లేని చోట కూడా రాయాలి. చాలామంది దురద ఉన్నచోటే అద్దుతారు, తప్పు అక్కడే జరుగుతుంది. గోళ్ల కింద, బొడ్డు లోపల, పిరుదుల మధ్య, కాలివేళ్ల సందుల్లో మర్చిపోవద్దు. చంటిపిల్లలకు, బాగా ముసలివాళ్లకు కళ్లు, నోరు వదిలి తలకూ ముఖానికీ రాయమంటారు. రాత్రి పడుకునే ముందు రాసి, 8 నుంచి 14 గంటలు ఉంచి, పొద్దున స్నానం. మధ్యలో చేతులు కడిగితే చేతులకు మళ్లీ రాయాలి. ఇంట్లో అందరూ ఒకే రాత్రి, దురద లేని తాతతో సహా.

గత మూడు రోజుల్లో వాడిన బట్టలు, దుప్పట్లు, తువ్వాళ్లు వేడినీళ్లలో ఉతికి మిద్దె మీద ఎండలో బాగా ఆరబెట్టాలి. మన ఎండ దీనికి బాగా పనికొస్తుంది. ఉతకలేనివాటిని ప్లాస్టిక్ సంచిలో మూట కట్టి వారం పక్కన పెడితే చాలు. ఒంటి నుంచి విడిపోతే పురుగు ఎక్కువ రోజులు బతకదు.

ఇక అసలు టెన్షన్ తర్వాత వస్తుంది. పురుగు చచ్చినా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉంటుంది. ఇది ముందే చెప్పకపోతే "మందు పనిచేయలేదు" అని రోజూ రాస్తారు, చర్మం మండుతుంది. లేదంటే మెడికల్ షాపులో ఇంకో ట్యూబు కొంటారు. వేపాకు, పసుపు, కుప్పింటాకు రాస్తున్నామంటే కసురుకోవద్దు. క్రీమ్ రాసిన రాత్రి అవేవీ వద్దని, పుండు మీద అసలే వద్దని చెప్పండి. ఇది మురికివల్ల వచ్చే జబ్బు కాదని కూడా చెప్పండి. ఈ మాట వినగానే చాలామంది తల్లుల ముఖం తేటపడుతుంది.

చీము పట్టినా, జ్వరం వచ్చినా వెంటనే రమ్మనండి. ముఖం ఉబ్బడం, మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారడం కనిపిస్తే ఇంకా త్వరగా. గీరిన పుండ్లలో చేరిన బాక్టీరియా మూలంగా పిల్లల కిడ్నీలు దెబ్బతినవచ్చు.

చివరగా "అర్థమైందా?" అని అడగకండి, అందరూ అయిందనే అంటారు. "ఇంటికెళ్లి మీ అత్తమ్మకు ఎలా చెబుతావో నాకోసారి చెప్పమ్మా" అనండి. ఆమె వదిలేసిన మాటే మీరు మళ్లీ చెప్పాల్సిన మాట.

ఈ వారం అభ్యాసం: అయిదుగురున్న ఇంటికి రెండు రాత్రుల చీటీ, తేదీలు, ఎన్ని గ్రాముల క్రీమో వేసి, చదువు తక్కువున్నవాళ్లకు అర్థమయ్యే మాటల్లో రాయండి. 5వ పాఠం తామర మీద. అప్పటిదాకా మీ ఇంట్లో ఉన్న చర్మం ట్యూబుల మీద స్టెరాయిడ్ పేరు ఉందేమో చూసి రాసి పెట్టుకోండి.