ఇంట్లోనే ఆర్‌సీ (రిమోట్‌తో ఎగరేసే) జెట్ – 6వ పాఠం: సీజీ ఎక్కడ పడాలి?

పోయిన పాఠంలో ఎలివాన్లకు, అంటే రెక్క వెనకంచున కదిలే పలకలకు, సర్వోలు (వాటిని కదిపే చిన్న మోటార్లు) బిగించాం. ఇక ఎగరేయడమే అని చేతులు దురద పెడతాయి. ఆగండి. గరిమనాభి, అంటే విమానం ముందుకూ వెనక్కీ వాలకుండా సరిగ్గా తూగే చోటు, మనమంతా సీజీ అని పిలిచేది, ఎక్కడుందో ఇంకా చూసుకోలేదు.

మన దగ్గరున్నది మిరాజ్ 2000 పోలికలోని ఫోమ్ జెట్. త్రికోణపు రెక్క, వెనక అడ్డరెక్క లేదు. రెక్క వెడల్పులో (ముందంచు నుంచి వెనకంచు దాకా) మూడో వంతు దగ్గర సీజీ పెట్టమని, కొత్తవాళ్లు నేర్చుకునే ట్రైనర్ విమానాలకు చెప్పే సలహా దీనికి పనికిరాదు. స్కేలు తీసుకోండి.

రెక్క ముందంచును బాడీ మధ్యగీత దాకా పొడిగించినట్టు ఊహించుకుని, అక్కడి నుంచి వెనకంచు దాకా కొలవండి. నా దానికి 600 మి.మీ. వచ్చింది. ఇలాంటి రెక్కకు సగటు వెడల్పు అందులో మూడింట రెండు వంతులు, అంటే 400. అది మొదలయ్యేది, మనం కొలత మొదలుపెట్టిన చోటు నుంచి 200 దగ్గర. ఆ 400లో పావు 100, కలిపితే 300. సీజీ ఈ 300 దాటి వెనక్కి వెళ్లిందా, విమానం మన మాట వినదు. మొదటిసారికి పావుకు బదులు 15 శాతం తీసుకుని 260 దగ్గర పెడదాం. మిరాజ్ రెక్క కొస కాస్త కత్తిరించినట్టుంటుంది గానీ, దానివల్ల వచ్చే తేడా కొద్ది మిల్లీమీటర్లే. తేజస్ మోడల్ ఉన్నవాళ్లు మాత్రం ఈ లెక్క వాడొద్దు, దాని ముందంచు రెండు కోణాల్లో ఉంటుంది.

అన్నట్టు, అసలు మిరాజ్ సీజీని కాపీ కొట్టకండి. కంప్యూటర్ క్షణక్షణం సరిదిద్దుతుంది కాబట్టి దాన్ని కావాలనే నిలకడ తక్కువగా కట్టారు. మనకున్నది రెండు బొటనవేళ్లు.

260 దగ్గర రెండు రెక్కల పైభాగాన చెరో అగ్గిపుల్ల అతికించండి, వేలికి తగిలితే చాలు. పైభాగాన ఎందుకంటే, ఇది కింది రెక్క విమానం. మామూలుగా పట్టుకుంటే బరువు వేళ్లకు పైన ఉండి ఇటో అటో ఒరిగిపోతుంది. తలకిందులుగా తిప్పి ఎత్తండి.

బ్యాటరీ, కానోపీ (పైలట్ గది మూత) అన్నీ బిగించి, చక్రాలు మడిచే చూడాలి. ముందు చక్రం వెనక్కి మడుచుకునే రకమైతే సీజీ కూడా కాస్త వెనక్కి జరుగుతుంది. నా మొదటి జెట్‌కు సీజీ చక్కగా చూశాను గానీ బ్యాటరీకి వెల్‌క్రో బిగించలేదు. థ్రాటిల్ ఇవ్వగానే అది వెనక్కి జారింది, విమానం ముక్కెత్తి నిట్టనిలువుగా నిలబడి, పక్క చేలో పడింది. సాయంత్రం దాకా ఫోమ్ ముక్కలు ఏరుకున్నాను.

తోక వాలితే ఎంత సరిచేయాలి? సీజీ 280 దగ్గర ఉందనుకోండి. 20 మి.మీ. ముందుకు రావాలి. విమానం మొత్తం 1800 గ్రాములు, అందులో బ్యాటరీ 400. 1800ని 20తో గుణించి 400తో భాగిస్తే 90. బ్యాటరీని 90 మి.మీ. ముందుకు జరపాలి. చోటు లేకపోతే, 260 గీతకు 450 మి.మీ. ముందు, ముక్కులో సీసం పెట్టాలి. అదే గుణకారాన్ని 450తో భాగించండి, 80 గ్రాములు. సీసం చివరి దారి, ముందు ఫోమ్ చెక్కి బ్యాటరీకి చోటు చేయండి.

వచ్చే పాఠానికి ముందు మూడుసార్లు చూసి, మూడు అంకెలూ రాసిపెట్టండి. వాటి మధ్య 5 మి.మీ. తేడా వస్తే ముందు వెల్‌క్రో చూడండి.